ఒకసారి రాసి ఆరు చోట్ల పెట్టడం: మీ సాఫ్ట్‌వేర్‌లో సోషల్ నెట్‌వర్క్‌లను కలిపే పద్ధతి

మంగళగిరిలో ఒక చేనేత చీరల షాపుకి బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. మగ్గం మీద నుంచి కొత్త చీర దిగగానే ఓనరు గారి అమ్మాయి ఫోటో తీసి, నాలుగు లైన్లు రాసి ఫేస్‌బుక్ పేజీలో పెట్టేది. మళ్ళీ అదే ఇన్‌స్టాగ్రామ్‌లో, టెలిగ్రామ్ ఛానల్‌లో, ఎక్స్‌లో (పాత ట్విట్టర్). మధ్యలో కస్టమర్ వస్తే రెండు చోట్ల పెట్టి మిగతావి మర్చిపోయేది. "అన్నా, స్టాక్ ఎంటర్ చేసే చోటే ఒక బటన్ పెడితే అన్నిట్లోకీ వెళ్ళిపోదా?" అని అడిగింది ఒకరోజు.

ఆ బటన్ పెట్టే పనిలో నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా చెప్తాను. ఒక విషయం మాత్రం ముందే చెప్పాలి. ఒక నెట్‌వర్క్‌కి పోస్ట్ పంపే కోడ్ చాలా చిన్నది. ఆ పోస్ట్ నిజంగా చేరిందా, చేరకపోతే ఎందుకు చేరలేదు, ఇప్పుడు ఎవరు ఏం చేయాలి అనేది సాఫ్ట్‌వేర్‌కి తెలిసేలా చేయడంలోనే అసలు పనంతా ఉంది. మీరు వేసుకునే ప్రతి ప్లానూ దాని చుట్టూ తిరగాలి.

మొదట, అసలు ఏం కావాలో తేల్చుకోండి

"సోషల్ మీడియా కలపాలి" అని క్లయింట్ అన్నప్పుడు ఆ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు పనులు ఉంటాయి. గూగుల్ ఖాతాతోనో ఫేస్‌బుక్ ఖాతాతోనో లాగిన్ అవ్వడం ఒకటి. యూజర్ తన ఫోన్ నుంచి తనే షేర్ చేసుకోవడం రెండోది. యూజర్ తరఫున మన సర్వరే పోస్ట్ పెట్టడం మూడోది. అక్కడ వచ్చే కామెంట్లు, మెసేజ్‌లు మన స్క్రీన్ మీదకి తెచ్చుకోవడం నాలుగోది. నాలుగింటికీ కావాల్సిన అనుమతులు వేరు, పట్టే టైమ్ వేరు.

వీటిలో షేర్ ఒక్కటే సరిపోతుందంటే మీ అదృష్టం. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో షేర్ షీట్ ఉంది, బ్రౌజర్‌లోనూ అలాంటి సదుపాయం ఉంది. దానికి కీలు అక్కర్లేదు, నెట్‌వర్క్ వాళ్ళు మన యాప్‌ని పరిశీలించే రివ్యూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాట్సాప్ స్టేటస్‌కి, ఫ్యామిలీ గ్రూపులకి వెళ్ళాల్సినవాటికి ఇదే సరైన దారి. చేయాల్సిందల్లా మీ పేజీలో ఓపెన్ గ్రాఫ్ ట్యాగ్‌లు, అంటే లింక్ ప్రివ్యూలో ఏం కనిపించాలో చెప్పే గుర్తులు, సరిగ్గా పెట్టడం. శీర్షిక, చిన్న వివరణ, బొమ్మ, ఈ మూడూ సర్వర్ నుంచి వచ్చే హెచ్‌టీఎమ్ఎల్‌లోనే ఉండాలి. జావాస్క్రిప్ట్ నడిచాక వచ్చే ట్యాగ్‌లు ప్రివ్యూ తయారుచేసే రోబోలకి చాలాసార్లు కనిపించవు. లింక్ బోసిగా వచ్చిందంటే ముందు చూడాల్సింది అదే.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఎక్కువగా మూడో పని గురించి. తలనొప్పులు ఎక్కువ ఉన్నది దాంట్లోనే.

ఏ నెట్‌వర్క్ దేనికి ఒప్పుకుంటుంది

కోడ్ మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఇది రాసుకుని క్లయింట్‌కి చూపించండి. తర్వాత వచ్చే గొడవల్లో సగం అక్కడే తీరిపోతాయి.

ఫేస్‌బుక్‌లో బయటి యాప్ పేజీలోకి పోస్ట్ పెట్టగలదు. వ్యక్తిగత ప్రొఫైల్‌లోకి పెట్టలేదు. యూజర్ల డేటాని వాళ్ళకి తెలియకుండా వాడుకున్న కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడిన 2018లోనే, ఆగస్టు నుంచి ఆ అనుమతి తీసేశారు. గ్రూపుల ఏపీఐని (బయటి సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్‌తో మాట్లాడే దారిని ఏపీఐ అంటారు) కూడా 2024 ఏప్రిల్‌లో ఆపేశారు. "మా గ్రూపులోకి వెళ్ళాలి" అని క్లయింట్ అడిగితే మొహమాటం లేకుండా కుదరదని చెప్పేయండి.

ఇన్‌స్టాగ్రామ్‌కి ప్రొఫెషనల్ ఖాతా కావాలి, అంటే బిజినెస్ లేదా క్రియేటర్ ఖాతా. మామూలు ఖాతాలోని బొమ్మలు చదవడానికి ఉండే బేసిక్ డిస్‌ప్లే ఏపీఐని 2024 డిసెంబర్ 4న మూసేశారు. ఇప్పటికీ చాలా పాత ట్యుటోరియల్స్ దాని గురించే చెప్తున్నాయి, వాటిని నమ్ముకోవద్దు.

ఎక్స్ సంగతి డబ్బుతో ముడిపడింది. ఉచిత యాక్సెస్ ఆపేస్తున్నట్టు 2023 ఫిబ్రవరిలో ప్రకటించారు, ఆ తర్వాత ధరలు పలుమార్లు మారాయి. కొటేషన్ ఇచ్చే రోజే వాళ్ళ ధరల పేజీ చూసి, ఆ ఖర్చు క్లయింట్ భరించాలని రాతపూర్వకంగా పెట్టుకోండి.

యూట్యూబ్‌లో వీడియో అప్‌లోడ్ చేయొచ్చు. కానీ 2020 జూలై 28 తర్వాత మొదలుపెట్టిన ఏపీఐ ప్రాజెక్టుకి ఆడిట్ పూర్తి కాకపోతే, ఎక్కించిన వీడియోలు ప్రైవేట్‌గానే ఉండిపోతాయి. రోజుకి ఇచ్చే కోటా మామూలుగా 10,000 యూనిట్లు. అది పసిఫిక్ టైమ్ ప్రకారం అర్ధరాత్రి రీసెట్ అవుతుంది, అంటే మనకి సీజన్‌ని బట్టి మధ్యాహ్నం పన్నెండున్నరో ఒకటిన్నరో. పొద్దున్నే కోటా అయిపోయిందని కంగారుపడే ముందు ఇది గుర్తుంచుకోండి.

అన్నిటికంటే సులువు టెలిగ్రామ్. టెలిగ్రామ్‌లోనే ఉండే బాట్‌ఫాదర్ దగ్గర ఒక బాట్ (మన కోడ్ నడిపే ఖాతా) చేసుకుని, దాన్ని ఛానల్‌లో అడ్మిన్‌గా పెడితే చాలు. మాస్టడాన్, బ్లూస్కై కూడా డెవలపర్లకి తలుపులు తీసిపెట్టినవే. లింక్డ్‌ఇన్‌లో సభ్యుడి తరఫున పోస్ట్ పెట్టడం తేలిక, కంపెనీ పేజీకి మాత్రం వేరే అనుమతి తెచ్చుకోవాలి. టిక్‌టాక్ మన దేశంలో 2020 జూన్ నుంచి నిషేధంలో ఉంది కాబట్టి, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న క్లయింట్‌కి తప్ప దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

నెట్‌వర్క్‌లు మూతపడతాయి కూడా. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. తెలుగులో రాసుకునే వీలున్న కూ 2024 జూలైలో మూతపడింది. ఒక నెట్‌వర్క్ కోడ్‌ని తీసి పక్కన పెడితే మిగతాది కదలకుండా నిలబడేలా మొదటి రోజు నుంచే కట్టుకోవాలి.

తాళాలు తీసుకోవడం

పక్కింటివాళ్ళు ఊరెళ్తూ మొక్కలకి నీళ్ళు పోయమని గేటు తాళం ఇస్తారు, బీరువా తాళం ఇవ్వరు. యూజర్ తరఫున పని చేయడానికి నెట్‌వర్క్‌లు అనుమతి ఇచ్చే ఓఆథ్ పద్ధతి అచ్చం ఇలాంటిదే. యూజర్ పాస్‌వర్డ్ మన చేతికి రాదు. ఏ పనికి ఒప్పుకున్నారో ఆ పనికే పనికొచ్చే టోకెన్ వస్తుంది. ఎవరైనా మీతో "పాస్‌వర్డ్ చెప్తాను, మీరే లాగిన్ అయి పెట్టేయండి" అన్నా ఒప్పుకోవద్దు.

జరిగే వరుస ఇది. యూజర్ "కనెక్ట్" నొక్కగానే వాళ్ళని నెట్‌వర్క్ వాళ్ళ పేజీకి పంపిస్తాం. పంపేటప్పుడు మన యాప్ ఐడీ, తిరిగి రావాల్సిన అడ్రస్, కావాల్సిన అనుమతుల జాబితా, స్టేట్ అనే ఒక రహస్య అంకె, పిక్సీ (PKCE) అనే రక్షణకి సంబంధించిన కోడ్ జతచేస్తాం. యూజర్ ఒప్పుకుంటే నెట్‌వర్క్ మన అడ్రస్‌కి ఒక చిన్న కోడ్‌తో తిప్పి పంపుతుంది. మన సర్వర్ ఆ కోడ్ ఇచ్చి టోకెన్ తెచ్చుకుంటుంది.

ఇందులో జనం తప్పులు చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. తిరిగి రావాల్సిన అడ్రస్ మీరు నమోదు చేసినదానితో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. చివర ఒక వాలు గీత (/) ఎక్కువైనా చాలామంది ఒప్పుకోరు. స్టేట్‌ని పంపడమే కాదు, తిరిగి వచ్చాక సెషన్‌లో దాచినదానితో పోల్చి చూడాలి. ఈ పోలిక మానేస్తే, వేరేవాళ్ళ ఖాతాని మీ యూజర్ లాగిన్‌కి అంటగట్టే దాడికి తలుపు తీసినట్టే. ఇక మొబైల్ యాప్‌లో లాగిన్ పేజీని లోపలి వెబ్‌వ్యూలో తెరవొద్దు. గూగుల్ దాన్ని అడ్డుకుంటుంది. ఫోన్‌లోని అసలు బ్రౌజర్ ట్యాబ్‌నే తెరవాలి.

అనుమతులు తక్కువ అడగండి. పోస్ట్ పెట్టడానికి మెసేజ్‌లు చదివే అనుమతి అక్కర్లేదు. ఎక్కువ అడిగితే యూజర్‌కి అనుమానం, రివ్యూలో తిరస్కారం.

టోకెన్లని సర్వర్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి దాచండి, ఆ ఎన్‌క్రిప్షన్ కీని అదే డేటాబేస్‌లో పెట్టకండి. మొబైల్ యాప్ లోపల యాప్ సీక్రెట్ పెట్టొద్దు, యాప్ ఫైల్ (ఏపీకే) విప్పి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. లాగ్ ఫైళ్ళలో టోకెన్ పడుతోందేమో ఒకసారి వెతికి చూడండి. టెలిగ్రామ్ బాట్ టోకెన్ అడ్రస్‌లోనే భాగంగా వెళ్తుంది కాబట్టి మామూలు రిక్వెస్ట్ లాగ్‌లో కూడా దొరికిపోతుంది.

టోకెన్ల ఆయుష్షు

ఏడో రోజునో అరవయ్యో రోజునో పోస్టులు ఆగిపోయాయంటే కారణం ఇక్కడే ఉంటుంది. పోస్ట్ పెట్టడానికి వాడేది యాక్సెస్ టోకెన్, దాని గడువు తీరాక కొత్తది తెచ్చుకోవడానికి వాడేది రిఫ్రెష్ టోకెన్. గూగుల్ యాప్ ఇంకా టెస్టింగ్ దశలో ఉంటే రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే పోతుంది, యాప్‌ని ప్రొడక్షన్‌కి మార్చాలి. లింక్డ్‌ఇన్ యాక్సెస్ టోకెన్ 60 రోజులు ఉంటుంది, రిఫ్రెష్ టోకెన్ ఎంపిక చేసిన భాగస్వాములకే ఇస్తారు. మిగతావాళ్ళం రెండు నెలలకోసారి యూజర్‌ని మళ్ళీ కనెక్ట్ చేయమని అడగాల్సిందే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కువ కాలం ఉండే టోకెన్ కూడా 60 రోజులదే, అయితే గడువు తీరకముందే మనమే పొడిగించుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో 60 రోజుల యూజర్ టోకెన్ నుంచి తీసిన పేజీ టోకెన్‌కి గడువు తేదీ ఉండదు, కానీ ఆ యూజర్ పాస్‌వర్డ్ మార్చుకుంటే అదీ చెల్లదు.

ఎక్స్‌లో యాక్సెస్ టోకెన్ రెండు గంటలే. రిఫ్రెష్ టోకెన్ ఒక్కసారి వాడితే చెల్లిపోయి కొత్తది వస్తుంది. ఇక్కడొక చిక్కు ఉంది. వెనకాల రెండు వర్కర్లు (పోస్టులు పంపే ప్రోగ్రామ్‌లు) నడుస్తుంటే, రెండూ ఒకే క్షణంలో పాత రిఫ్రెష్ టోకెన్ పట్టుకెళ్తాయి. ఒకదానికి కొత్తది దొరుకుతుంది, రెండోది ఖాళీ చేతులతో వస్తుంది. ఆ రెండోది డేటాబేస్‌లో కనెక్షన్ తెగిపోయిందని రాసేస్తే బాగున్న ఖాతా కూడా పోయినట్టే. డేటాబేస్‌లో ఆ ఖాతా వరుసని (రో) లాక్ చేసి, లాక్ దొరికాక టోకెన్‌ని మళ్ళీ చదివి, అప్పటికీ పాతదే ఉంటేనే రిఫ్రెష్ చేయండి. చిన్న పనే కానీ, దీని వల్ల తప్పే టెన్షన్ చాలా ఎక్కువ.

లాగిన్‌కి వాడుకుంటే ఒక జాగ్రత్త

ఒకే మనిషి నిన్న గూగుల్‌తో, ఇవాళ ఫేస్‌బుక్‌తో లాగిన్ అయితే ఇద్దరు యూజర్లు తయారవుతారు. దాన్ని తప్పించడానికి ఈమెయిల్ కలిస్తే ఖాతాలు కలిపేద్దాం అనిపిస్తుంది. ఆ ఈమెయిల్ నిజంగా వాళ్ళదేనని నెట్‌వర్క్ నిర్ధారించి చెప్పకపోతే, వేరేవాళ్ళ ఈమెయిల్ పెట్టుకుని వచ్చినవాడు వాళ్ళ ఖాతాలోకి నేరుగా దిగిపోతాడు. అందుకని, ముందు పాత పద్ధతిలో లాగిన్ అయి ఉన్నప్పుడే, సెట్టింగ్స్‌లోంచి రెండో ఖాతా జతచేసుకునేలా పెట్టండి. గుర్తింపుకి నెట్‌వర్క్ ఇచ్చే యూజర్ ఐడీనే వాడండి. ఈమెయిల్ మారుతుంది, ఫేస్‌బుక్ నుంచి ఒక్కోసారి అసలు రాదు కూడా. యాప్ స్టోర్‌లో పెట్టే యాప్ అయితే ఆపిల్ 4.8 నిబంధన చదవండి. బయటి లాగిన్ పెట్టినప్పుడు ప్రైవసీని కాపాడే మరో లాగిన్ కూడా ఇవ్వాలని అది చెప్తుంది.

డేటాబేస్: ఒక పోస్ట్, అనేక డెలివరీలు

చాలామంది పోస్ట్ టేబుల్‌లోనే "ఫేస్‌బుక్‌కి వెళ్ళిందా", "ఎక్స్‌కి వెళ్ళిందా" అని కాలమ్‌లు పెట్టేస్తారు. ఆరో నెట్‌వర్క్ వచ్చేసరికి అది గందరగోళం అయిపోతుంది. మూడు టేబుళ్ళు పెట్టుకోండి. ఖాతాలది ఒకటి: ఎవరిది, ఏ నెట్‌వర్క్, అక్కడి ఐడీ, టోకెన్లు, గడువు, ప్రస్తుత పరిస్థితి. పోస్టులది ఒకటి: యూజర్ రాసిన అసలు మాట, బొమ్మలు, ఎప్పుడు వెళ్ళాలి. మూడోది డెలివరీలది. ఒక పోస్ట్ ఒక ఖాతాకి వెళ్ళాలంటే అక్కడ ఒక వరుస. దాంట్లో ఆ నెట్‌వర్క్ కోసం సర్దిన మాట, పరిస్థితి, ఎన్నిసార్లు ప్రయత్నించాం, చివరి తప్పు ఏంటి, విజయవంతమైతే అక్కడి పోస్ట్ ఐడీ, లింక్ ఉంటాయి.

ఫేస్‌బుక్‌కి వెళ్ళి ఇన్‌స్టాగ్రామ్‌కి ఫెయిలైతే "ఫెయిల్" అని ఒక్క మాట చూపిస్తే యూజర్ మళ్ళీ బటన్ నొక్కుతారు, ఫేస్‌బుక్‌లో రెండుసార్లు పడుతుంది. డెలివరీలు వేరుగా ఉంటే ఆ ఒక్కదాన్నే మళ్ళీ పంపొచ్చు. టైమ్ యూటీసీలో దాచి, స్క్రీన్ మీద మాత్రం మన టైమ్‌లో చూపించండి.

కోడ్‌లో ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో అడాప్టర్, అంటే ఆ నెట్‌వర్క్‌తో మాట్లాడే విడి భాగం, రాయండి. ప్రతి అడాప్టర్‌కీ మూడే పనులు: ఈ మాట, ఈ బొమ్మ నీకు సరిపోతాయా అని చెప్పడం, పంపడం, వచ్చిన తప్పుని మన భాషలోకి మార్చి చెప్పడం. అన్ని నెట్‌వర్క్‌లకీ ఒకే రూపం రుద్దాలని చూడకండి. ఇన్‌స్టాగ్రామ్ బొమ్మ లేకుండా తీసుకోదు. మాస్టడాన్‌లో ఒక్కో సర్వర్‌కి ఒక్కో పరిమితి ఉంటుంది, మామూలుగా 500 అక్షరాలే అయినా సర్వర్‌ని అడిగి తెలుసుకోవాలి, యాప్‌ని కూడా ప్రతి సర్వర్‌లో విడిగా నమోదు చేయాలి. ఈ తేడాలన్నీ అడాప్టర్ లోపలే ఉండిపోవాలి, మిగతా కోడ్‌కి తెలియక్కర్లేదు.

పంపడం

యూజర్ బటన్ నొక్కగానే అక్కడికక్కడే ఆరు నెట్‌వర్క్‌లని పిలవొద్దు. డెలివరీ వరుసలు రాసి క్యూలో పెట్టి "పంపిస్తున్నాం" అని చూపించండి. వెనకాల వర్కర్ ఒక్కోటీ తీసుకుని పంపుతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌కి రెండు మెట్లు ఉన్నాయి. ముందు బొమ్మ అడ్రస్, క్యాప్షన్ ఇచ్చి ఒక కంటైనర్ చేయాలి, తర్వాత దాన్ని పబ్లిష్ చేయాలి. బొమ్మ జేపెగ్ అయి, ఇంటర్నెట్‌లో ఎవరికైనా తెరుచుకునే చోట ఉండాలి. మీ లాప్‌టాప్‌లో నడుస్తున్న లోకల్ సర్వర్ అడ్రస్ ఇస్తే పనిచేయదు. వీడియో అయితే కంటైనర్ సిద్ధమయ్యేదాకా పరిస్థితి అడుగుతూ ఆగాలి. కంటైనర్ 24 గంటల్లో పబ్లిష్ కాకపోతే చెల్లదు. క్యాప్షన్‌కి 2,200 అక్షరాలు పరిమితి. టెలిగ్రామ్‌లో మామూలు మెసేజ్‌కి 4,096 అక్షరాలు ఉన్నా, ఫోటోతో వెళ్ళే క్యాప్షన్‌కి 1,024 మాత్రమే. లింక్డ్‌ఇన్ పోస్టులో బ్రాకెట్ల లాంటి కొన్ని గుర్తులకి ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. పెట్టకపోతే పోస్ట్ మధ్యలో తెగిపోవచ్చు.

అవతలి సర్వర్ జవాబులో ఇచ్చే అంకెని బట్టి తప్పులని నాలుగు రకాలుగా విడదీయండి. 429 వస్తే మనం తొందరపడుతున్నామని అర్థం. ఎంతసేపు ఆగాలో చాలా నెట్‌వర్క్‌లు వాళ్ళే చెప్తాయి, టెలిగ్రామ్ అయితే సెకన్లతో సహా చెప్తుంది. అంతసేపూ ఆగండి. 500, 503 లాంటి అంకెలు వస్తే అవతలి సర్వర్ సమస్య కాబట్టి నిమిషం, ఐదు నిమిషాలు, అరగంట, ఇలా దూరం పెంచుతూ ప్రయత్నించండి. 401 వస్తే ఒక్కసారి టోకెన్ రిఫ్రెష్ చేసి చూసి, అప్పుడూ రాకపోతే ఆపేసి యూజర్‌ని మళ్ళీ కనెక్ట్ చేయమనండి. 400 అయితే మాటలోనో బొమ్మలోనో తేడా ఉంది, వందసార్లు పంపినా అదే జవాబు వస్తుంది.

ఇవి కాక అసలు జవాబే రాకపోవడం ఒకటుంది, అన్నిటికంటే ప్రమాదం అదే. దసరా సీజన్‌లో ఒక నెట్‌వర్క్‌కి పంపినప్పుడు టైమ్‌అవుట్ వచ్చింది. నా కోడ్ దాన్ని ఫెయిల్ అనుకుని మళ్ళీ పంపింది, ఇంకోసారీ పంపింది. అవతల మూడూ చేరాయి. నిజాం అంచు చీర ఒకటే మూడుసార్లు పడింది. ఉన్నది ఒక్క చీర, ముగ్గురు కస్టమర్లు ఫోన్ చేశారు. ఇద్దరికి సారీ చెప్పుకోవాల్సి వచ్చింది ఆ అమ్మాయికి. తప్పు పూర్తిగా నా కోడ్‌దే. అప్పటి నుంచి టైమ్‌అవుట్‌ని ఫెయిల్‌గా లెక్కపెట్టడం మానేశాను, "తెలియదు" అని విడిగా రాస్తాను. మాస్టడాన్‌లో ఐడెంపొటెన్సీ కీ పంపే వీలుంది, అదే కీతో రెండోసారి పంపినా రెండో పోస్ట్ పడదు. ఖాతాలో ఇటీవలి పోస్టులు చదివే వీలున్న చోట, అదే మాట ఇప్పటికే ఉందేమో చూశాకే మళ్ళీ పంపాలి. రెండు దారులూ లేకపోతే యూజర్‌నే అడగడం మంచిది.

తెలుగు అక్షరాల లెక్క

ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో దొరకనిది, మనకి రోజూ అవసరమయ్యేది ఇదే. "స్త్రీ" అనేది కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో చూస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, అంటే ఆరు కోడ్ పాయింట్లు (కంప్యూటర్ విడిగా దాచుకునే గుర్తులు). యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కీ 3 బైట్లు కాబట్టి మొత్తం 18 బైట్లు. ఒక్కో నెట్‌వర్క్ వీటిలో ఒక్కోదాన్ని లెక్కపెడుతుంది.

"కొత్త చీరలు వచ్చాయి" తీసుకోండి. కంటికి ఎనిమిది అక్షరాలు, రెండు ఖాళీలు, మొత్తం పది. ఎక్స్ కోడ్ పాయింట్లు లెక్కపెడుతుంది, దాని ప్రకారం 19. అంటే అక్కడి 280లో మనకి దక్కేది దాదాపు సగమే. లింక్ ఎంత పొడవున్నా 23గా, ఎమోజీని 2గా లెక్కవేస్తారు. బ్లూస్కై మాత్రం కంటికి కనిపించే అక్షరాల పద్ధతిలో 300 ఇస్తుంది, మొత్తం 3,000 బైట్లు దాటకూడదు. తెలుగుకి అది చాలా ఉదారం. అందుకే ఎక్స్‌కి కుదించిన మాటనే అన్నిటికీ పంపడం అన్యాయం. ప్రతి నెట్‌వర్క్‌కీ విడిగా సర్దుకోనివ్వండి.

కంటికి కనిపించే అక్షరాలు లెక్కపెట్టే లైబ్రరీ ఏ వెర్షనో చూసుకోండి. ఒత్తక్షరాన్ని విడదీయకుండా ఒకటిగా చూడాలన్న నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తో తెలుగుకి వచ్చింది. పాత లైబ్రరీ "త్త"ని రెండుగా లెక్కపెడుతుంది. పై వాక్యం పాతదానికి 12, కొత్తదానికి 10.

బ్లూస్కైలో లింక్ పెట్టడం దగ్గర ఇంకో గుంట ఉంది. లింక్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బైట్లలో చెప్పాలి. "కొత్త చీరలు వచ్చాయి" తర్వాత ఒక ఖాళీ, ఆపైన లింక్ అనుకుందాం. జావాస్క్రిప్ట్‌ని అడిగితే లింక్ 20 దగ్గర మొదలైందంటుంది. నిజానికి అది 54వ బైట్ దగ్గర ఉంది: 17 తెలుగు కోడ్ పాయింట్లకి 51, మూడు ఖాళీలకి 3. ఆ 20నే పంపితే అది "చీరలు"లోని గుడిదీర్ఘం మధ్యలోకి దిగుతుంది, లింక్ చెడిపోతుంది. ఇంగ్లీష్‌తో పరీక్షిస్తే రెండు అంకెలూ ఒకటే కాబట్టి ఈ తప్పు బయటపడదు. కాబట్టి టెస్టులన్నీ తెలుగు వాక్యాలతోనే రాయండి, "స్త్రీ", "రాష్ట్రం", "జ్యోత్స్న" లాంటి మాటలు తప్పకుండా ఉండేలా చూడండి.

మాట ఎక్కువైతే అక్షరాల మధ్య కాకుండా పదం చివర కోయండి. "వచ్చాయి"ని మూడో కోడ్ పాయింట్ దగ్గర కోస్తే "వచ్" అని మిగులుతుంది, చదివేవాళ్ళకి మనం అజాగ్రత్తగా ఉన్నామని అక్కడే తెలిసిపోతుంది. హ్యాష్‌ట్యాగ్‌లు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కూడా చూసుకోవాలి. పైథాన్‌తో వచ్చే మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్‌లో పదాక్షరాల గుర్తు మన గుణింతాలని అక్షరాలుగా గుర్తించదు. "#చీరలు"లో "#చ" ఒక్కటే పట్టుకుని ఆగిపోతుంది. అక్షరాలతో పాటు గుణింతపు గుర్తుల వర్గాన్నీ కలిపి రాయాలి. అలాగే కనిపించని గుర్తులని శుభ్రం చేసే కోడ్ ఏదైనా ఉంటే దాన్ని ఆపండి. "ఫేస్‌బుక్" అనే మాటలో స్ తర్వాత కనిపించని జాయినర్ నిరోధక గుర్తు ఒకటి ఉంటుంది, అది పోతే బ వెళ్ళి స కింద ఒత్తుగా కూర్చుంటుంది.

కామెంట్లు తెచ్చుకోవడం

దీనికి వెబ్‌హుక్‌లు వాడండి. కొత్త కామెంట్ రాగానే నెట్‌వర్కే మన సర్వర్‌కి కబురు పంపుతుంది. వచ్చిన కబురు నిజంగా వాళ్ళదేనా అని సంతకం సరిచూడాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అయితే యాప్ సీక్రెట్‌తో చేసిన ఎస్‌హెచ్ఏ-256 సంతకం పంపుతాయి. జేసన్‌గా మార్చకముందు వచ్చిన అసలు బైట్ల మీదే లెక్కగట్టాలి. వెంటనే 200 జవాబిచ్చి, అసలు పని క్యూలో వేసుకోండి. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు, ఐడీ చూసి రెండోదాన్ని వదిలేయండి.

రివ్యూ, చట్టం

ఫేస్‌బుక్ యాప్ డెవలప్‌మెంట్ మోడ్‌లో ఉన్నంతకాలం అది పెట్టిన పోస్టులు యాప్‌లో రోల్ ఉన్నవాళ్ళకే (అడ్మిన్, డెవలపర్, టెస్టర్‌గా చేర్చినవాళ్ళకే) కనిపిస్తాయి. షాపువాళ్ళ ఫోన్‌లో చక్కగా కనిపిస్తుంది, కస్టమర్లకి కనిపించదు. కాబట్టి రోల్ లేని వేరే ఫోన్‌లో తెరిచి చూశాకే పని అయిందనుకోండి. రివ్యూకి వీడియో పంపేటప్పుడు కనెక్ట్ నొక్కడం నుంచి పేజీలో పోస్ట్ కనిపించేదాకా మొత్తం చూపించాలి. ప్రతి అనుమతీ ఎక్కడ వాడుతున్నామో అందులో కనిపించాలి. మీ యాప్ తెలుగులో ఉంటే ఇంగ్లీష్ క్యాప్షన్లు పెట్టండి, చూసేవాళ్ళకి తెలుగు రాకపోవచ్చు. ప్రైవసీ పాలసీ పేజీ, డేటా తొలగించమని అడిగే దారి రెండూ ఉండాలి. రివ్యూకి ఎన్ని రోజులు పడుతుందో మన చేతిలో లేదు కాబట్టి దీపావళికి లాంచ్ అని క్లయింట్‌కి మాటివ్వకండి.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంత సులువుగా ఉండాలి. చట్టం చెప్పకపోయినా అలా ఉండటమే న్యాయం. కనెక్ట్ బటన్ ఎక్కడుందో డిస్‌కనెక్ట్ కూడా అక్కడే పెట్టండి. అది నొక్కినప్పుడు నెట్‌వర్క్ దగ్గర టోకెన్ రద్దు చేయాలి, మన డేటాబేస్‌లోంచి తుడిచేయాలి, ఆ ఖాతాకి క్యూలో ఉన్న డెలివరీలు ఆపేయాలి. మూడోది చాలామంది మర్చిపోతారు.

ఏ వరుసలో మొదలుపెట్టాలి

ముందు టెలిగ్రామ్ ఒక్కదానితో క్యూ, డెలివరీ టేబుల్, తప్పుల వర్గీకరణ అన్నీ పూర్తి చేయండి. రివ్యూ గొడవ లేదు కాబట్టి ఒక్క వారంలో నిజమైన పోస్టులు వెళ్తాయి. అదే సమయంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రివ్యూకి పెట్టేయండి. రెండో అడాప్టర్‌గా బ్లూస్కైనో మాస్టడాన్‌నో రాస్తే, మొదటిదాంట్లో టెలిగ్రామ్‌కే అతుక్కుపోయిన భాగాలు బయటపడతాయి. డబ్బు పడే ఎక్స్ చివరికి.

షాపు తెరిచేది పది గంటలకి. తొమ్మిదిన్నరకి సాఫ్ట్‌వేర్ ప్రతి ఖాతా టోకెన్‌తోనూ "నేనెవరిని" అని అడిగే ఒక చిన్న పిలుపు చేస్తుంది. అందరూ జవాబిస్తే పేర్ల పక్కన ఆకుపచ్చ చుక్క. ఎవరైనా ఇవ్వకపోతే "ఇన్‌స్టాగ్రామ్ మళ్ళీ కనెక్ట్ చేయాలి" అని తెలుగులో ఒక లైను, పక్కనే బటన్. ఆ అమ్మాయి షట్టర్ తీసి, సిస్టమ్ ఆన్ చేసి, ముందు ఆ చుక్కలు చూసుకున్నాకే మొదటి చీర ఫోటో తీస్తుంది.